రేకు మోత గిటారు: తీగలు మార్చిన డైరీ

గిటారు సెకండ్ హ్యాండ్. పైపలక స్ప్రూస్, వెనకా పక్కలా మేపుల్, స్కేల్ పొడవు (మోగే తీగ పొడవు) 648 మిల్లీమీటర్లు, శాడిల్ (బ్రిడ్జి అనే చెక్క దిమ్మె గాడిలో నిలబడి తీగలను మోసే సన్నటి పలక) ప్లాస్టిక్. నాకు కావలసింది పాట పక్కన వాయిస్తే గొంతుకు అడ్డం పడని నిండైన నాదం. నా దగ్గర ఉన్నది రేకు మోత. మార్చి నుంచి జూన్ దాకా ఏ తీగలు వేశానో, ఏం కొలిచానో, ఎక్కడ బోల్తా పడ్డానో వరసగా రాస్తున్నాను. ఇదే అవస్థలో ఉన్నవాళ్లు నేను చేసిన పని మళ్లీ చేయాల్సిన అవసరం లేదు. ముఖ్యంగా మూడు, నాలుగు దశల్లో చేసింది.

దశ 0: కష్టం నేనే తెచ్చుకున్నాను (మార్చి 3)

కొన్నప్పుడు గిటారు మీద తుప్పు తీగలున్నాయి. పన్నెండో ఫ్రెట్‌లో (ఫ్రెట్ అంటే మెడ మీది లోహపు మెట్టు) నొక్కితే శ్రుతి పది సెంట్లు పైకి పోయేది. (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు.) వాటిని తీసి పారేసి కొత్త 80/20 బ్రాంజ్ సెట్టు, 12–53 వేశాను. (తీగల లావు అంగుళంలో వెయ్యోవంతుల్లో: అన్నిటికన్నా సన్నటిది 12, లావుది 53. దీన్నే గేజ్ అంటారు.) 80/20 అంటే నూటికి 80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింకు. పేరుకి బ్రాంజే గానీ, లెక్కకి అది ఇత్తడి.

ఆదివారాలు మా అక్క వచ్చి లలిత గీతాలు పాడుతుంది, నేను పక్కన కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి) వాయిస్తాను. ఆ ఆదివారం రెండో చరణంలోనే ఆపేసింది.

"ఒరేయ్, నేను పాడుతుంటే ఎవరో రేకుల షెడ్డు మీద గులకరాళ్లు పోస్తున్నట్టుందిరా."

"కొత్త తీగలక్కా, రెండు రోజుల్లో సర్దుకుంటాయి."

వారం గడిచింది. కొంచెం సర్దుకున్నాయి, చాలినంత కాదు.

కొలతలకు పెట్టుకున్న సామాను:

1. వెర్నియర్ (ఇంట్లో ఉన్నదే).
2. ఫీలర్ గేజ్, బైక్ మెకానిక్‌లు వాల్వు గ్యాప్ చూసేది. ₹150.
3. గదిలో తేమ చూపే చిన్న మీటర్. ₹340.
4. క్లిప్ ట్యూనర్, ట్రస్ రాడ్‌కి (మెడ లోపల ఉండి దాని వంపు సర్దే ఇనుప కడ్డీ) 5 ఎంఎం ఎలన్ కీ (ఉన్నవే).

మొదటి కొలతలు: పన్నెండో ఫ్రెట్ మీద తీగ ఎత్తు ఆరో తీగకు (అన్నిటికన్నా లావుది) 2.6 మిల్లీమీటర్లు, ఒకటో తీగకు (అన్నిటికన్నా సన్నటిది) 2.0. మెడ వంపు 0.25. వంపు కొలవాలంటే మొదటి ఫ్రెట్‌కి కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) బిగించి, మెడ గిటారు ఒంటితో కలిసే ఫ్రెట్ దగ్గర ఆరో తీగను నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ మీద ఎంత సందు ఉందో ఫీలర్ గేజ్‌తో చూడాలి.

ఇప్పటిదాకా: సెట్లు 1 (₹620). మొత్తం ఖర్చు ₹1,110.

దశ 1: కొలవడంలోనే బోల్తా (మార్చి 10 – 17)

చెవిని నమ్మి రెండు సెట్లను పోల్చడం కుదరదు. మొదటి సెట్టు ఎలా మోగిందో రెండోది వేసే అరగంటలో మరిచిపోతాం. అందుకే రికార్డు చేసి, ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ప్లాట్ స్పెక్ట్రమ్ (ఏ స్వరం ఎంత బలంగా ఉందో చూపే పటం) తెరిచి, జి కార్డ్‌లో 200 హెర్ట్జ్ దగ్గరి శిఖరానికీ 3000–5000 హెర్ట్జ్ మధ్య ఉన్న పెద్ద శిఖరానికీ మధ్య ఎన్ని డెసిబెళ్ల తేడా ఉందో రాసుకోవాలనుకున్నాను. తేడా ఎంత ఎక్కువైతే కీచుదనం అంత తక్కువ. దీన్ని "తేడా అంకె" అంటాను.

మొదటి వారం అంకెలన్నీ చెత్తబుట్టలో వేశాను. అదే గిటారు, అదే నిమిషం, ఒకసారి 17, ఇంకోసారి 25! ఫోన్‌లోని మామూలు రికార్డర్ హోరు అనుకున్నదాన్ని తనంతట తనే కోసేస్తోంది. తీగల పైస్వరాలు కూడా దానికి హోరులాగే కనిపించాయి. ఏ కత్తిరింపూ చేయకుండా వేవ్ ఫైలు దాచే యాప్ పెట్టాక అంకె కుదురుకుంది.

కుదిరిన పద్ధతి:

1. ఫోన్ పన్నెండో ఫ్రెట్‌కి ఎదురుగా 30 సెంటీమీటర్ల దూరంలో, స్టాండు మీద.
2. ఫ్యాన్ బంద్. (ఏప్రిల్‌లో ఇది తేలిక కాదు. చెమట చేతులతో వాయిస్తే తీగలు ఇంకా తొందరగా చస్తాయి.)
3. అదే 0.60 మిల్లీమీటర్ల నైలాన్ పిక్ (తీగ మీటే బిళ్ల), సౌండ్ హోల్ మధ్యలో.
4. జి కార్డ్ పదిసార్లు. బాగా ఎక్కువ తక్కువలుగా వచ్చిన రెండు వదిలేసి మిగతావాటి సగటు.
5. తర్వాత ఆరు తీగలూ ఒక్కోటి విడివిడిగా మీటడం.
6. వేసిన రోజు ఒకసారి, ఏడో రోజు ఒకసారి. ఏడో రోజుదే లెక్క.

ఆరోది రాసుకోవడం వెనకా ఒక తప్పుంది. కొత్త సెట్టును పాత సెట్టుతో పోల్చబోయాను. కొత్త తీగ ఏ లోహానిదైనా మొదటి రోజు గలగలమంటుంది. 80/20కి మొదటి రోజు 19, ఏడో రోజు 22. మూడు డెసిబెళ్లు ఊరికే కాలం తినేసింది. తుప్పు తీగల పాత వీడియో ఒకటి దొరికితే దాన్నీ కొలిచాను: 27. వేరే మైకు కాబట్టి పట్టించుకోవక్కర్లేదు గానీ, చచ్చిన తీగలు మెత్తగా మోగుతాయన్నది నిజమే. శ్రుతి మాత్రం నిలవదు.

దశ 2: ఫాస్ఫర్ బ్రాంజ్ 12–53 (మార్చి 18 – 31)

ఎవర్ని అడిగినా మొదట చెప్పేది ఇదే. రాగిలో దాదాపు 8 పాళ్ల తగరం, చిటికెడు ఫాస్ఫరస్. గిటారు తీగలకు దీన్ని 1974లో డడారియో అనే అమెరికా తీగల కంపెనీ తెచ్చింది. 80/20 కంటే నెమ్మదిగా నల్లబడుతుంది, కింది తీగలు గుండ్రంగా మోగుతాయి.

మొదటి రోజు 22, ఏడో రోజు 25.

అంటే 80/20 కంటే మూడు డెసిబెళ్ల లాభం. కింది నాలుగు తీగల్లో తేడా చెవిటివాడికైనా వినిపిస్తుంది. అక్క మాత్రం "కొంచెం నయం" అని ఊరుకుంది. ఆ "కొంచెం" ఎక్కడ ఆగిపోయిందో అప్పుడే వెతికుంటే ఏప్రిల్ నెల మిగిలేది. నాకేమో ఇంకా వేరే తీగలు కొనాలన్న పిచ్చి పట్టింది.

ఇప్పటిదాకా: సెట్లు 2. ఖర్చు ₹1,890.

దశ 3: సిల్క్ అండ్ స్టీల్, దాంతోపాటు బుర్రుమోత (ఏప్రిల్ 1 – 14)

ఉక్కు తీగ చుట్టూ పట్టు లాంటి పోగులు, వాటి మీద వెండిపూత రాగి చుట్టు. టెన్షన్ (తీగ లాగుడు) 12 సెట్టు కంటే బాగా తక్కువ. వేళ్లకు హాయి. 11–47 వేశాను.

వేసిన గంటకే మొదటి మూడు ఫ్రెట్లలో బుర్రుబుర్రుమని మోత. తీగల లాగుడు తగ్గితే ట్రస్ రాడ్ మెడను వెనక్కి లాగేస్తుంది. వంపు 0.25 నుంచి 0.10కి పడిపోయింది. దానికి తోడు ఏప్రిల్ మధ్యాహ్నం, మా హైదరాబాద్ గదిలో తేమ 27 శాతం. పైపలక ఎండి కొంచెం కిందికి దిగింది, తీగ ఎత్తు కూడా తగ్గింది.

చేసినవి, వరసగా:

1. ఎలన్ కీతో ట్రస్ రాడ్ ఎడమకు ఎనిమిదో వంతు తిప్పాను. గంట ఆగాను. వంపు 0.15.
2. ఇంకో ఎనిమిదో వంతు. రాత్రంతా వదిలేశాను. పొద్దున 0.22. మోత పోయింది.
3. సబ్బుపెట్టెకు చిల్లులు పొడిచి, తడి పిండేసిన స్పాంజి పెట్టి గిటారు పెట్టెలో ఉంచాను. మూడు రోజులకు పెట్టెలో తేమ 46 శాతం.

ఏడో రోజు తేడా అంకె 31. ఈ ఒక్క అంకే చూస్తే డైరీ ఇక్కడితో ముగిసిపోవాలి. వేళ్లతో మీటితే నిజంగానే బావుంది. స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి కొట్టడం) మొదలుపెట్టగానే గిటారు గొంతు తగ్గిపోయింది. ఫ్యాన్ వేసి, అక్క గొంతెత్తి పాడితే నా చేయి ఊగడం కనిపిస్తుంది గానీ కార్డ్ వినిపించదు. గట్టిగా కొడితే తీగలు ఫ్రెట్లకు తగిలి చటచటమన్నాయి. ఒంటరిగా, రాత్రిపూట వేళ్లతో వాయించుకునేవాళ్లు కళ్లు మూసుకుని ఇదే కొనుక్కోవచ్చు. నా పని వేరు.

ఇప్పటిదాకా: సెట్లు 3. ఖర్చు ₹2,780.

దశ 4: 13–56, నేను చేసిన పెద్ద తప్పు (ఏప్రిల్ 15 – 24)

మెత్తటి తీగలకు గొంతు లేదు కదా, అయితే లావు తీగలు వేద్దాం అనుకున్నాను. ఆలోచన పూర్తిగా తప్పు కాదు. తీగ లావైతే పలక ఎక్కువ కదులుతుంది, మూలస్వరం బలంగా వస్తుంది. 12–53 సెట్టు మామూలు శ్రుతిలో ఆరు తీగలూ కలిసి దాదాపు 74 కిలోల బరువుతో లాగుతుంది. 13–56 అయితే 80 కిలోలు దాటుతుంది. మీ గిటారు ఆ బరువుకు కట్టిందో లేదో ముందు చూసుకోవాలి. నేను చూసుకోలేదు.

ఇంకొకటి కూడా మరిచిపోయాను. మూడో దశలో వదులు చేసిన ట్రస్ రాడ్‌ను మళ్లీ బిగించలేదు. వదులైన రాడ్ మీద బరువైన సెట్టు. మూడో రోజుకి:

వంపు 0.45.
ఆరో తీగ ఎత్తు 3.1 మిల్లీమీటర్లు.
ఎఫ్ బారే కార్డ్ (ఒకే వేలు తీగలన్నిటి మీదా అడ్డంగా పరిచి పట్టేది) పట్టలేకపోయాను.

రాడ్‌ను కుడికి రెండు ఎనిమిదో వంతులు తిప్పి పాత చోటికి తెచ్చాక వంపు 0.30కి వచ్చింది, ఎత్తు మాత్రం 2.8 దగ్గరే ఆగింది. స్టీలు స్కేలును నిలువుగా పట్టి బ్రిడ్జి వెనక పలక మీద ఆనిస్తే స్కేలు రెండు వైపులా వెలుతురు కనిపించింది. పలక ఉబ్బింది. బ్రిడ్జి వెనక అంచు కింద మామూలు కాగితం దూర్చి చూశాను, దూరలేదు. జిగురు ఇంకా పట్టే ఉంది. కాగితం లోపలికి పోయి ఉంటే ఆ క్షణమే తీగలు వదులు చేసి రిపేరుకి ఇవ్వాల్సివచ్చేది.

ఏడో రోజు అంకె 26. ఫాస్ఫర్ బ్రాంజ్ 12 కంటే ఒక్క డెసిబెల్ ఎక్కువ. ఆ ఒక్కదాని కోసం గిటారు పొట్ట ఉబ్బించాను. తొమ్మిదో రోజున తీసేసి, రెండో దశలో విప్పిన 12 సెట్టే మళ్లీ ఎక్కించాను. విప్పిన తీగలు కొలతలకు పనికొస్తాయి గానీ పాట కచేరీకి పనికిరావు, మెలి తిరిగిన చోట బలం పోతుంది.

ఇప్పటిదాకా: సెట్లు 4. ఖర్చు ₹3,630. పూర్తయిన పని: సున్నా.

దశ 5: వీణ తీగల మాట (ఏప్రిల్ 28)

ఆదివారం అక్కకు గోడు వెళ్లబోసుకున్నాను. తను చిన్నప్పుడు నాలుగేళ్లు వీణ నేర్చుకుంది.

"వీణలో సారణి, పంచమం ఉక్కు తీగలు. మంద్రం, అనుమంద్రం చుట్టిన తీగలు. నీ దాంట్లో కీచుమనేది ఏదిరా? చుట్టిందా, ఉత్తిదా?"

ఇన్నాళ్లూ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. 80/20, ఫాస్ఫర్ బ్రాంజ్ అన్నవి చుట్టిన తీగల పై చుట్టు పేర్లు. 12 సెట్టులో ఆ చుట్టు ఉండేది మూడు నుంచి ఆరు దాకా నాలుగు తీగలకే. ఒకటీ రెండూ ఏ డబ్బాలోంచి తీసినా ఉత్తి ఉక్కు తీగలే. డబ్బా రంగు మారుతుంది, ఆ రెండూ మారవు.

ప్రతి సెట్టుకూ తీగలు విడివిడిగా మీటి రికార్డు చేశానని పైన రాశాను కదా. అవన్నీ ఫోల్డర్‌లో పడున్నాయి, ఒక్కసారి కూడా తెరవలేదు. ఆ రాత్రి తెరిచాను. 80/20 నుంచి ఫాస్ఫర్ బ్రాంజ్‌కి మారినప్పుడు తేడా అంకె ఎంత పెరిగిందంటే:

ఆరో తీగ: 4
ఐదో తీగ: 4
నాలుగో తీగ: 3
మూడో తీగ: 3
రెండో తీగ: అర
ఒకటో తీగ: 0

రెండు నెలలు, నాలుగు సెట్లు, రోగం లేని నాలుగు తీగలకు వైద్యం చేశాను. అక్కకు చెబితే నవ్వి, "టీ పెట్టరా ముందు" అంది.

దశ 6: శాడిల్ కింద విజిటింగ్ కార్డు (మే 2 – 12)

ఒకటీ రెండూ ఎందుకంత పలచగా మోగుతున్నాయో చూద్దామని తీగలు వదులు చేసి శాడిల్ పీకాను. (వీణలో తీగలను మోసేదాన్ని గుర్రం అంటాం. గిటారులో గుర్రం లాంటి చెక్క దిమ్మె బ్రిడ్జి, దాని గాడిలో నిలబడే సన్నటి పలక ఈ శాడిల్.) గాడిలో అడుగున మడత పెట్టిన విజిటింగ్ కార్డు ముక్క ఉంది, ఆరో తీగ వైపు సగానికే. పాత యజమాని ఎత్తు పెంచడానికి పెట్టినట్టున్నాడు. దాని వల్ల శాడిల్ ఒరిగి, ఒకటీ రెండు తీగల కింద గాడికి ఆనకుండా గాల్లో ఉంది. సందు 0.3 మిల్లీమీటర్లు. అంటే ఆ రెండు తీగల కంపనం పలకలోకి సరిగ్గా దిగే దారే లేదు.

కార్డు తీసేసి, ఎముకతో కొత్త శాడిల్ చేద్దామని ఎముక ముక్క కొన్నాను. ₹250. మొదటిది పాడుచేశాను. ఎమరీ పేపర్‌ను చేత్తో పట్టుకుని రుద్దితే అడుగు గుండ్రమైపోయింది, బల్ల మీద పెడితే ఉయ్యాలలా ఊగింది. ఊపు తీయడానికి ఇంకా రుద్దాను, ఒకటో తీగ వైపు 0.6 మిల్లీమీటర్లు ఎక్కువ పోయింది. తీగ ఫ్రెట్లకు తగిలి జిర్రుమంది.

రెండో ముక్కకు ఇలా చేశాను:

1. అద్దం ముక్క మీద 220 నంబరు ఎమరీ పేపర్ అతికించాను. రుద్దేది శాడిల్‌ను, కాగితాన్ని కాదు.
2. శాడిల్‌ను నలుపలకల చెక్కముక్కకు ఆనించి పట్టుకుని, ఒకే దిక్కుగా లాగాను.
3. అడుగును పెన్సిల్‌తో నల్లగా గీశాను. రుద్దాక నలుపు మిగిలిన చోటు పల్లం. మొత్తం పోయేదాకా రుద్దాను.
4. పన్నెండో ఫ్రెట్ దగ్గర 0.2 తగ్గాలంటే శాడిల్ దగ్గర 0.4 తగ్గించాలి. ఈ రెట్టింపు లెక్క తప్పితే ముక్క దండగ.
5. చివర 400 నంబరుతో మెరుగు.

మూతికి గుడ్డ కట్టుకోండి. ఎముక పొడి వాసన పళ్ల డాక్టరు గదిని గుర్తుచేస్తుంది.

ఎత్తు ఇప్పుడు 2.4, 1.9. తేడా అంకె మాత్రం 25 నుంచి 24కి దిగింది. లెక్క ప్రకారం గిటారు ఇంకా బ్రైట్ అయింది! కానీ చెవికి అలా లేదు. ఒకటో తీగ మీటితే ఇదివరకు "టిక్" మని ఆగిపోయేది, ఇప్పుడు స్వరం నిలబడుతోంది. పైస్వరాలు తగ్గలేదు, వాటి కింద ఒళ్లు వచ్చింది. నా అంకె ఈ ఒంటిని కొలవలేదని అప్పుడు తెలిసింది. అంకెను వదలలేదు గానీ, అప్పటినుంచి ఎదురుగా చెవి మాటా రాసుకుంటున్నాను.

ఇప్పటిదాకా: ముక్కలు 2, ఎమరీ పేపర్ ₹60. ఖర్చు ₹4,190.

దశ 7: నలభై రూపాయల పిక్ (మే 14)

దీన్ని మొదట చేయాల్సింది. రాయడానికే సిగ్గుగా ఉంది, అందుకే గబగబా రాసేస్తాను. తీగలు అవే, గిటారు అదే, పిక్ ఒక్కటే మార్చాను:

0.60 నైలాన్: 24
1.0 మిల్లీమీటర్: 27
1.5, మూల గుండ్రంగా అరగదీసింది: 28.5
బొటనవేలి కండ: 34

పలచటి పిక్ తీగకు తగిలినప్పుడు తనే టపటపమంటుంది. ఆ చప్పుడంతా 3000 హెర్ట్జ్ పైనే. ఇంకా: 1.0 పిక్‌తోనే సౌండ్ హోల్ మధ్య నుంచి ఫింగర్‌బోర్డు చివరికి జరిగి వాయిస్తే ఇంకో రెండు డెసిబెళ్లు కలిసొచ్చాయి. బ్రిడ్జి వైపు జరిగితే మూడు పోయాయి. రెండు లోహాల మధ్య నేను కొనుక్కున్న తేడా మొత్తం మూడే.

1.5తో నాకు వేగంగా స్ట్రమ్ చేయడం రాదు. 1.0 దగ్గర ఆగాను.

ఖర్చు: మూడు పిక్‌లు ₹120. మొత్తం ₹4,310.

దశ 8: కేపో తీసేయడం, రెండు లావు తీగలు (మే 16 – జూన్ 2)

అక్కది ఐదున్నర శ్రుతి, అంటే జి షార్ప్. నేను ఇన్నాళ్లూ నాలుగో ఫ్రెట్‌కి కేపో బిగించి ఇ షేపులు (ఇ కార్డ్‌కు వేళ్లు పెట్టే తీరు) వాయిస్తున్నాను. కేపో నాలుగో ఫ్రెట్‌లో ఉంటే 648 మిల్లీమీటర్ల తీగ 514 అవుతుంది. తీగలో ఐదో వంతు దాకా కోసి పారేసి, గిటారు బుల్లిగా మోగుతోందని ఏడుస్తున్నానన్నమాట.

మార్గం: ఆరు తీగలనూ అరస్వరం కిందికి దించి, కేపో లేకుండా ఎ షేపులు. అదీ జి షార్పే. తీగ పూర్తి పొడవు వాడుకోవచ్చు.

దీంతో ఇంకో తలుపు తెరుచుకుంది. తీగ టెన్షన్ శ్రుతి వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి మారుతుంది. అరస్వరం దించితే దాదాపు 11 శాతం తగ్గుతుంది. 648 స్కేలుకు నేను వేసుకున్న లెక్క:

ఒకటో తీగ, 12 గేజ్, మామూలు శ్రుతి: 10.6 కిలోలు
ఒకటో తీగ, 13 గేజ్, అరస్వరం కింద: 11.1
రెండో తీగ, 16 గేజ్, మామూలు శ్రుతి: 10.6
రెండో తీగ, 17 గేజ్, అరస్వరం కింద: 10.6

అంటే రోగమున్న ఆ రెండింటినీ లావు చేసినా పలక మీద బరువు పెద్దగా పెరగదు. మిగతా నాలుగూ 12 సెట్టువే ఉంచితే (24, 32, 42, 53) అవి అరస్వరం దిగి వదులవుతాయి. ఆరూ కలిసి సుమారు 69 కిలోలు. నాలుగో దశలో ఉబ్బిన పొట్టకు ఇది విశ్రాంతి.

మొదట ఎప్పట్లాగే పిసినారితనం. నాలుగో దశలో విప్పిన సెట్టులోంచి 13, 17 తీసి ఎక్కించాను. 17 బిగిస్తుండగా పాత మెలిక దగ్గర తెగి మణికట్టు మీద గీరింది. విడి తీగలు కొన్నాను: 13 ఒకటి, 17 రెండు, ఒక్కోటి ₹80. నాలుగు చుట్టు తీగల కోసం కొత్త ఫాస్ఫర్ బ్రాంజ్ సెట్టు ₹780.

వేసిన తీరు:

1. తీగలన్నీ ఒక్కసారి విప్పలేదు. ఒకటి విప్పి, ఒకటి వేసి, సగం బిగించి తర్వాతదానికి.
2. బ్రిడ్జి పిన్ను నొక్కేముందు తీగను పైకి లాగి, తీగ చివరి గుండు పలక కింద ఆనిందని చూసుకున్నాను.
3. 17 బిగిస్తుంటే నట్ (మెడ పై చివర తీగలు ఆనే గాళ్ల పలక) దగ్గర టింగ్ టింగ్‌మంది. గాడి దానికి ఇరుకు. పెన్సిల్ ముక్కు గాడిలో రుద్దితే పోయింది. పోకపోతే గాడిని ఆకురాయితో విప్పాలి, అది చేయి తిరిగినవాళ్ల పని.
4. మర్నాడు వంపు 0.18. రాడ్ ఎడమకు ఎనిమిదో వంతు. 0.24.
5. పన్నెండో ఫ్రెట్ దగ్గర రెండో తీగ నాలుగు సెంట్లు పైకి. పాటకు వినబడదు, వదిలేశాను.

ఏడో రోజు, 1.0 పిక్‌తో: 30. సిల్క్ అండ్ స్టీల్‌కి వచ్చిన 31 పలచటి పిక్‌తో వచ్చిందని గుర్తుంచుకోవాలి, మెత్తదనంలో దాన్ని ఇది అందుకోలేదు. గొంతు మాత్రం ఉంది. చెవి మాట: ఒకటో తీగ ఇప్పుడు గీత గీసినట్టు కాకుండా చుక్క పెట్టినట్టు వినిపిస్తోంది. తీగలు వదులై బి మైనర్ బారే కార్డ్ కూడా తేలికైంది.

ఇప్పటిదాకా: సెట్లు 5, విడి తీగలు 3. ఖర్చు ₹5,330. ఇందులో చివరికి గిటారు మీద మిగిలినవి: ఒక సెట్టులో నాలుగు తీగలు, విడి తీగలు రెండు, ఎముక ముక్క ఒకటి, చేతిలో ఒక పిక్. కలిపితే ₹1,230 దాటదు.

దశ 9: వానలు వచ్చాయి (జూన్ 16)

గదిలో తేమ 71 శాతం. ఆరో తీగ ఎత్తు 2.4 నుంచి 2.7. అంకె 31.5. తీగలు ముట్టుకోలేదు, పలక నీళ్లు తాగి ఉబ్బింది. ఏప్రిల్‌లో 27 శాతం తేమలో కొలిచినవాటినీ వీటినీ పక్కపక్కన పెట్టడం సరికాదు, కాబట్టి పైన ఒకటి రెండు డెసిబెళ్ల తేడాలను మరీ గట్టిగా పట్టుకోకండి. వీణ మాట వచ్చిన రాత్రి తీసిన పట్టిక మాత్రం నమ్మొచ్చు, అందులో రెండు సెట్లూ మార్చిలోనే కొలిచాను. సబ్బుపెట్టె స్పాంజి తీసేసి సిలికా జెల్ సంచులు పెట్టాను. నాలుగు రోజులకు పెట్టెలో 55 శాతం, ఎత్తు 2.5.

ఈ ఆదివారం అక్క మూడు పాటలు ఆపకుండా పాడింది. వెళ్తూ చెప్పులేసుకుంటూ, "పైన బావుందిరా. కిందిదే, ఆ లావు తీగ, నిద్రమత్తులో ఉన్నట్టుంది" అంది.

నిజమే. 53 గేజ్ అరస్వరం దిగి వదులైంది, గట్టిగా కొడితే మొదట్లో శ్రుతి పైకి లేచి కిందికి దిగుతోంది. నాలుగో దశ డబ్బాలో 56 తీగ అలాగే ఉంది గానీ, 17తో అయిన అనుభవం చాలు. కొత్తది విడిగా ఒకటి చెప్పి ఉంచాను, ₹160 అన్నారు. వచ్చాక వేసి, ఏడో రోజు కొలిచి రాస్తాను.